మవ్‌మగ్ ఏ చెట్టుది?

మా తమ్ముడు గౌదెన్ టోపీలో ఏదో దాచుకుని ఇంట్లోకి వస్తున్నప్పుడు వాడి పెళ్లాం బెబాంగ్ సరిగ్గా గుమ్మంలో ఎదురుపడింది. మా కొంప మునిగింది అక్కడే. దానికి ఎనిమిదో నెల. అప్పటిదాకా మంచం దిగనిది, పెరట్లోకి వెళ్దామని అప్పుడే లేవాలా? వీడు మురిసిపోతూ టోపీ ఎత్తి చూపించాడు. లోపల పిడికిలంత మవ్‌మగ్, రాత్రిళ్లు చెట్లమీద గెంతుతూ తిరిగే కోతిలాంటి జంతువు. ఆ మొహమంతా కళ్లే. అది బెబాంగ్‌ని చూసింది, బెబాంగ్ దాన్ని చూసింది. పొయ్యి దగ్గరున్న మా అమ్మ గరిటె పడేసి "కళ్లు మూసుకోవే!" అని అరిచేలోపే అంతా అయిపోయింది.

"ఏమైందమ్మా? ఊరంతా వినపడేలా ఆ అరుపేమిటి?" అన్నాను నేను.

"ఏమైందా? నీ తలకాయ అయింది. కడుపుతో ఉన్నదీ మవ్‌మగూ ఒకళ్లనొకళ్లు కళ్లలోకి చూసుకుంటే ఏమవుతుందో తెలీదూ నీకు? దాని ప్రాణానికీ దీని కడుపుకీ ముడిపడిపోతుంది. అదిగానీ ఈ ఇంట్లో చచ్చిందా..." మిగతాది మింగేసింది అమ్మ. మింగినా బెబాంగ్‌కి వినపడనే పడింది.

ఈ నమ్మకం బోహోల్ దీవి మొత్తానిదేం కాదు. మా అమ్మ పుట్టిన కొండపల్లెది. నేను రోడ్డు పక్కన బొగ్గుల మీద అరటిపళ్లు కాల్చి అమ్ముకునేదాన్ని, పదిమందితో మాట్లాడేదాన్ని, ఇలాంటివి విని నవ్వేసేదాన్ని. అయితే బెబాంగ్‌ని చూశాక నవ్వు రాలేదు. దానికి మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోది పుట్టింది, ఏడవనే లేదు. ఈ మూడోదాని కోసం అది నెలల తరబడి అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడుతూ బతుకుతోంది. బిడ్డకి కీడంటారని చీకటిపడ్డాక బయట బట్ట ఆరెయ్యదు, గుమ్మంలో కూర్చోదు, మెడలో తువాలు వేసుకోదు. అలాంటిది ఇప్పుడు రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తీసుకెళ్లి ఎక్కడిది అక్కడ పెట్టేసి రారా, వెధవా! దీన్ని ఇంట్లో ఉంచితే జైలని రోడ్డుమీద బోర్డు పెట్టారు, కళ్లు కనపడట్లేదా?" అన్నాను.

"దారిలో దొరికిందక్కా. ముద్దుగా ఉంది కదా అని..."

"ఇది ఏ చెట్టుది?" అని అమ్మ అడిగింది.

"ఏదో చెట్టు."

"ఏదో చెట్టేమిట్రా? మవ్‌మగ్‌కి సొంత చెట్టుంటుంది. తెల్లారేసరికి ఎక్కడ తిరుగుతున్నా ఆ కొమ్మకే వచ్చి పడుకుంటుంది. దాని వాసన ఆ చెట్టంతా పులుముకుని ఉంటుంది. ఇంకో చెట్టుమీద వదిలావనుకో, ఆ చెట్టుమీదుండే మవ్‌మగ్ దీన్ని చీల్చి పారేస్తుంది. దాని చెట్టుమీదే పెట్టాలి, ప్రాణంతో పెట్టాలి. ఏ చెట్టో చెప్పు."

గౌదెన్ చెవితమ్మె లాక్కున్నాడు. చిన్నప్పటినుంచీ వాడికి అబద్ధం చెప్పాల్సొస్తే చెయ్యి చెవికి పోతుంది. "గుర్తుంది, గుర్తుంది. రేపు పొద్దున్నే తీసుకెళ్తా" అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. రక్షణ అడవి కంచె దాటి వెళ్లి కట్టె కొట్టి ఉంటాడు, ఆ సంగతి బయటపడుతుందని నసుగుతున్నాడు అనుకున్నాను. వాడు బొగ్గులు కాల్చి బతికేవాడు. కంచెకి ఇవతల ఉన్న పొదలూ చెట్లూ మాకు వాటాకొచ్చిన నేలవి. అవి అయిపోవచ్చాయని ఈమధ్య నస పెడుతున్నాడు కూడా.

మర్నాడు తెల్లారకముందే వాన మొదలైంది. "వానలో తీసుకెళ్తే చస్తుంది" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. కోళ్లగంప బోర్లించి దాన్ని కింద పెట్టాం, పైన అమ్మ పాత లుంగీ కప్పింది. ఇక తిండి సంగతి. దాన్ని గురించి మాకెవరికీ అనుమానమే లేదు. మవ్‌మగ్ తినేది బొగ్గు. మా తాత చెప్పాడు, ఆయన తాత చెప్పాడు. చల్లారిన బట్టీలో, బూడిదలో పొద్దున్నే మవ్‌మగ్ కూర్చుని ఉండటం గౌదెన్ కళ్లారా చూశాడు. ఇంకేం కావాలి సాక్ష్యం? వాడు కొత్త బస్తా విప్పి, మెత్తగా కాలిన ముక్కలు ఏరి, గంప కిందికి తోశాడు.

అది ఓ ముక్కని రెండు చేతులతో పట్టుకుంది. కాసేపటికి అమ్మ లుంగీ ఎత్తి తొంగి చూసింది. దాని వేళ్లూ మూతీ నల్లగా ఉన్నాయి.

"తింటోందే! బెబాంగ్, తింటోందమ్మా!" అంది అమ్మ. ఆ మాటకి బెబాంగ్ లేచి కూర్చుని ఇంత మొక్కజొన్న గట్కా ఎండుచేపా తింది. తిన్నాక నా చెయ్యి పట్టుకుని "రేపు దాని చెట్టెక్కేస్తుంది కదా వదినా" అంది.

"ఎక్కదూ మరి? ఇక్కడేమైనా అత్తారిల్లా ఉండిపోడానికి?" అన్నాను. నవ్వింది పిచ్చిపిల్ల.

ఆ మర్నాడు కూడా వాన తగ్గలేదు. మవ్‌మగ్ కళ్లు సగం వాలిపోయాయి. గంప ఊచలు పట్టుకుని వేలాడేది కాస్తా కిందికి జారి కూర్చుంది. బెబాంగ్ గంప దగ్గర చాలాసేపు కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి బొగ్గుముక్కలు ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా పేర్చింది.

"పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి వదినా. ఒక్క ముక్క కూడా కొరకలేదు. చేతికంటిన మసి మూతికి రాసుకుంది, అంతే" అంది.

ఇల్లంతా గొల్లుమంది. అమ్మ మరియమాతకి మొక్కుకుంటూ కొబ్బరిపాలు తెచ్చింది. నేను అరటిపండు గుజ్జు చేసి పెట్టాను. ఎండుచేప పెట్టాం, అన్నం పెట్టాం, జామపండు పెట్టాం. మొహం తిప్పేసుకుంది. ఎవరో పురుగులు తింటుందన్నారని గుర్తొచ్చి చచ్చిన మిడతని దాని ముక్కు ముందు పెట్టాను. దాన్ని చూడను కూడా చూడలేదు. బెబాంగ్ నడుము పట్టుకుని లోపలికి వెళ్లి పడుకుంది. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు" అంది. పెదవి కొరుక్కుంటూ చెప్పే "లేదు" ఎలా ఉంటుందో నాకు తెలీదా?

సాయంత్రం అవుతుండగా పొయ్యి వెనకనుంచి ఓ బొద్దింక బయల్దేరింది. నేల మీద పరిగెత్తి గంప ఊచల మధ్యనుంచి లోపలికి దూరింది. అప్పటిదాకా చచ్చినట్టు పడున్న మవ్‌మగ్ తల ఒక్కసారిగా గిర్రున వెనక్కి తిరిగింది. ఒళ్లు ఇటు, మొహం అటు. రెండు చేతులూ చాచి బొద్దింకని ఒడిసిపట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, తల దగ్గర్నుంచి కరకరా నమలడం మొదలెట్టింది. రెక్కలు కూడా మిగల్చలేదు.

"కదిలేదే కావాలే దీనికి! ప్రాణమున్నదే కావాలి!" అని అరిచాను.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన భాగోతం ఎవరైనా చూస్తే నవ్విపోయేవాళ్లు. డెబ్భయ్యేళ్ల మా అమ్మ చెప్పు పట్టుకుని మోకాళ్ల మీద పాకుతోంది, కొట్టడానికి కాదు, తోలడానికి. గౌదెన్ తడికలు విప్పుతున్నాడు. నేను మూకుడు బోర్లిస్తున్నాను. ఇన్నాళ్లూ చంపీ చంపీ విసుగెత్తిన బొద్దింకలు ఆ రోజు ఒక్కటి దొరికితే ఒట్టు. చివరికి ఎలాగో దొరికిన రెండిటినీ పట్టుకొస్తే ఒకటి దారిలోనే నా చేతిలో నలిగి చచ్చింది. ఏడుపొచ్చింది నాకు, బొద్దింక చచ్చిందని.

మర్నాటికి వాన తెరిపిచ్చింది. నేను రోడ్డు పక్క నా బల్ల దగ్గర, పొయ్యి వెలిగించకుండా, పచ్చికలో చిన్న మిడతలు పడుతున్నాను. అప్పుడు వచ్చాడు కిరినో. రక్షణ అడవి కాపలాదారు. రోజూ నా దగ్గర రెండు కాల్చిన అరటిపళ్లు తిని, నాలుగు మాటలు పడి వెళ్లే మనిషి.

"ఏం తికా, ఇవాళ వ్యాపారం మానేసి గడ్డి మేస్తున్నావా?"

"మిడతలు కాల్చి అమ్ముతా అన్నా, నీలాంటి వాళ్లు తింటారని."

నవ్వాడు. తర్వాత బల్లమీద కూర్చుని నిట్టూర్చాడు. "మొన్న నది దగ్గర ఒకడు మవ్‌మగ్‌ని పంజరంలో పెట్టాడు, వచ్చేపోయే వాళ్లకి చూపించడానికి. అది పంజరానికి తల బాదుకుని బాదుకుని చచ్చిపోయింది. దానికి పైకి ఎగరడమే తెలుసు, గోడలుంటాయని తెలీదు. వాణ్ని జైల్లో వేయించా. మా అత్త కొడుకే వాడు. అయినా వదల్లేదు."

నా చేతిలో డబ్బా మూత కింద మిడతలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు అతనికి వినపడుతుందేమోనని గట్టిగా దగ్గాను. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెబితే దాన్ని తీసుకెళ్లి బతికిస్తాడు, గౌదెన్‌ని మాత్రం తీసుకెళ్లి జైల్లో పడేస్తాడు. నెల తిరక్కుండా కాన్పు ఉన్న ఇంట్లో మొగుణ్ని జైలుకి ఎలా పంపను? దాని చెట్టుమీద అది ఎక్కేస్తే ఎవరికీ ఏ గొడవా ఉండదు కదా అనుకుని నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి గంపలోంచి ధడ్ ధడ్ మని వినిపిస్తోంది. బెబాంగ్ గంప పక్కన కూర్చుని, ఊచల మధ్య నుంచి తన అరచెయ్యి లోపలికి పెట్టి, అది ఎగిరినప్పుడల్లా తలకి చెయ్యి అడ్డం పెడుతోంది. దాని అరచేతిలో నెత్తురు మరక. మవ్‌మగ్ నుదురు చిట్లింది.

"ఇంక ఒక్క పూట కూడా వద్దు" అంది బెబాంగ్. "ఇప్పుడే వెళ్దాం. నేనూ వస్తా."

"నువ్వెక్కడికే? ఆ కొండ ఎక్కగలవా?" అని అమ్మ అడ్డం పడింది.

"నేను చూశాను అత్తా దాన్ని, అది నన్ను చూసింది. చెట్టుమీద నేనే పెడతా. మీ అబ్బాయి ఒక్కణ్నీ పంపితే దారిలో పొదలో విసిరేసి వచ్చి చెట్టెక్కిందని చెప్తాడు. ఆయన సంగతి నాకు తెలీదా?"

గౌదెన్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదీ వింతే అనిపించింది నాకు.

బెబాంగ్ దాన్ని పాత తువాల్లో చుట్టి గుండెకి ఆనించుకుంది. గౌదెన్ ముందు, బెబాంగ్ మధ్య, నేను వెనక. బురద. ఎండ చుర్రుమంటోంది. బెబాంగ్ నాలుగడుగులకోసారి ఆగుతుంది, పొట్ట కింద చెయ్యి పెట్టుకుంటుంది, మళ్లీ నడుస్తుంది. మాటల్లో పెట్టకపోతే పడిపోతుందని నేను ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను.

ఒక లావుపాటి చెట్టు దగ్గర గౌదెన్ ఆగాడు. "ఇదే."

బెబాంగ్ తువాలు విప్పి మవ్‌మగ్‌ని చెట్టు బెరడుకి ఆనించింది. అది పట్టుకుంది. ఎక్కలేదు. ముక్కు బెరడుకి పెట్టి ఒక్కసారి వాసన చూసి బిర్రబిగుసుకుపోయింది. పొదల్లోంచి, పైనెక్కడినుంచో, సూదితో పొడిచినట్టు సన్నటి కీచుమన్న అరుపు వచ్చింది. మా మవ్‌మగ్ చెట్టు వదిలేసి వెనక్కి ఎగిరి బెబాంగ్ రొమ్ముని కరుచుకుంది.

"ఇది కాదు దాని చెట్టు" అంది బెబాంగ్.

"పొరబడ్డా. ఇంకాస్త పైకి" అన్నాడు. చెయ్యి చెవి మీద ఉంది.

ఇంకో చెట్టు చూపించాడు. అక్కడా అంతే. మూడోదాని దగ్గరికి వెళ్తుంటే నా ముక్కుకి పొగ తగిలింది. వానకి తడిసిన మట్టి కింద కమిలే పొగ. ఆ వాసన పుట్టిందగ్గర్నుంచీ నాకు తెలుసు. వాడు అటు వెళ్లనివ్వకుండా "ఇటక్కా, ఇటు" అంటున్నాడు. నేను వాణ్ని తోసుకుని పొద దాటి వెళ్లాను.

చదునుగా నరికేసిన నేల. కొత్త నరుకుడు, మోడులు ఇంకా తెల్లగా ఉన్నాయి. మధ్యలో మట్టి కప్పిన బట్టీ. దాని పక్కన ఓ పెద్ద మోడు, చుట్టూ తీగలు తెగి పడున్నాయి. మేం వెనక నిలబడి చూస్తుంటే గౌదెన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఇదేనక్కా. వారం కిందట చెట్టు పడుతుంటే కొమ్మలోంచి నా భుజం మీదికి దూకి పొదల్లోకి పోయింది. అప్పటిదాకా అందులో ఉందని తెలీదు. మొన్న సగం బొగ్గు బస్తాలకెత్తుతుంటే ఈ మోడు మీదికే తిరిగొచ్చింది, టోపీలో పెట్టుకొచ్చా. మిగతాది ఇదిగో..." అని బట్టీ చూపించాడు.

నాకు కాసేపు మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాలి చెప్పు తీశాను.

"దాని ఇల్లు కాల్చి, ఆ బొగ్గు తెచ్చి దాని నోట్లోనే కుక్కావురా! తిను తిను అని! మూడ్రోజులుగా మమ్మల్ని ఎదవల్ని చేసి, ఈ కడుపుతో ఉన్నదాన్ని కొండెక్కించి, లేని చెట్టు చూపిస్తావా? ఏం మనిషివిరా నువ్వు? నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పుంటే చచ్చిపోయేవాడివా?" వీపు మీద, భుజం మీద, ఎక్కడ తగిలితే అక్కడ కొట్టాను. వాడు తప్పించుకోలేదు. "చెబితే అది బతకదనుకుంటుందక్కా, నా బిడ్డ కూడా బతకదనుకుంటుంది. ఎలా చెప్పను?" అని ఏడుస్తూ కూర్చున్నాడు.

"వదినా, ఆగు" అంది బెబాంగ్.

దాని గొంతు మామూలుగా ఉంది. అందుకే ఆగాను. అది తువాలు విప్పి, రెండు వేళ్లు మవ్‌మగ్ పొట్టమీద పెట్టి ఉంది.

"దీని పొట్టలో తన్నుతోంది. చూడు. ఇదీ కడుపుతోనే ఉంది."

నా వేలు పట్టి అక్కడ పెట్టింది. వెచ్చటి బొచ్చు కింద, ఆ గుప్పెడు ఒంట్లో, ఏదో నా వేలిని నెట్టింది. ఒంట్లో పావువంతు ఉంటుంది ఆ పిల్ల. చెప్పు నా చేతిలోంచి జారిపోయింది. గౌదెన్ ఏడుపు ఆపి అలాగే చూస్తున్నాడు.

అప్పుడే బెబాంగ్ ముందుకి వంగిపోయింది. "అమ్మా" అంది, అంతే. కాళ్ల వెంట నీళ్లు కారి మోడు పక్క మట్టిలో కలిశాయి. ఇంకా నెల ఉంది.

గౌదెన్ లేచి దాన్ని ఎత్తుకోబోయాడు. అది వాణ్ని తోసేసింది.

"నన్ను కాదు, దీన్ని. కిరినో అన్న దగ్గరికి పరిగెత్తు."

"అతను నన్ను జైల్లో పెడతాడే."

"పెట్టనీ. దీన్ని ఎలా బతికించాలో ఆయనకే తెలుసు. వదిన నన్ను కిందికి దించుతుంది. నువ్వు వెళ్లు. వెళ్లవయ్యా! ఇది ఆగిపోతే..." అని తన పొట్ట చూపించింది.

కాపలాదారు గుడిసె కొండకి అవతల వైపు. కాన్పుల ఆసుపత్రి ఇవతల, రోడ్డు దగ్గర. వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. మా తమ్ముడు పిరికివాడు. పోలీసు జీపు కనపడితే అరటితోటలో దూరేవాడు. అలాంటివాడు తువాలు అందుకుని చొక్కాలో పెట్టుకుని పొదల్లోకి పరిగెత్తాడు. "చావకే, చావకే తల్లీ" అంటూ దాంతో మాట్లాడుకుంటూ పోతున్న గొంతు చాలాదూరం వినిపించింది.

బెబాంగ్‌ని నేను ఎలా దించానో అడక్కండి. కాస్త దూరం నడిచింది, కాస్త దూరం మోశాను, కాస్త దూరం ఇద్దరం బురదలో కూర్చుని జారాం. నొప్పి వచ్చినప్పుడల్లా నా జుట్టు పట్టుకుని లాగేది. నొప్పి పోగానే "ఈపాటికి చేరుంటాడా వదినా?" అని అడిగేది. "చేరాడు" అనేదాన్ని. "చెట్టెక్కించి ఉంటారా?" "ఎక్కించేశారు. నువ్వు అడుగెయ్యి." ఆ మాటలే దాన్ని నడిపించాయి. ఏ దేవుడికి మొక్కానో నాకే గుర్తు లేదు, గుర్తొచ్చిన వాళ్లందరినీ తిట్టాను కూడా.

సాయంత్రం బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చాలా చిన్నది, ఎర్రగా, ముడతలు పడి. పుట్టగానే ఏడవలేదు. నర్సమ్మ బిడ్డ కాళ్లు పట్టుకుని, వీపు రుద్ది, నోట్లోంచి ఏదో లాగింది. అప్పుడు పిల్లికూన మూలిగినంత చప్పుడు వచ్చింది. "ఊపిరైతే ఉంది. పాలు తాగితే నిలుస్తుంది, తాగకపోతే చెప్పలేను. పట్నానికి తీసుకెళ్లాలంటే బండి వచ్చేదాకా ఆగాలి" అంది నర్సమ్మ. బిడ్డని బెబాంగ్ రొమ్ముకి అందించారు. అది నోరు తెరవలేదు.

"వదినా, బయట ఎవరో వచ్చారు చూడు. ఆయనేమో" అంది బెబాంగ్.

ఆయన కాదు, కిరినో. వరండాలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకో చేతిలో మా పాత తువాలు, మడతపెట్టి ఉంది.

"వచ్చాడు తికా మీ తమ్ముడు" అన్నాడు. "గుడిసె ముందు పడ్డాడు. కాళ్లు రెండూ చీరుకుపోయాయి. 'దీన్ని ముందు చెట్టెక్కించు అన్నా, తర్వాత నన్ను కట్టెయ్' అన్నాడు. చొక్కా విప్పి చూశా. ఎప్పుడో చల్లబడిపోయింది. వాడికి తెలీనే లేదు. నేను విప్పుతుంటే కూడా వాడు దాంతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఇదిగో వచ్చేశాం అని."

"లోపలిదో?"

తల అడ్డంగా ఊపాడు. "చాలాసేపు పట్టుకుని కూర్చున్నా. ఏమైనా కదుల్తుందేమోనని."

నేను అతని చేతిలో తువాలు వైపు చూశాను.

"దారిలో పారేసి ఇంటికొచ్చేసి ఉంటే నాకు తెలిసేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడు. "ఇప్పుడు వదిలిపెట్టలేను. అందరూ చూశారు, పోలీసులు జీపు ఎక్కించేశారు. నీ మరదలికి చెప్పు."

"చెట్టెక్కిందని చెప్తా. నువ్వు ఇక్కడ్నుంచి పో, నీ మొహం చూస్తే దానికి తెలిసిపోతుంది" అన్నాను. అతను తువాలు బల్లమీద పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

మొహం కడుక్కున్నాను. ఏం చెప్పాలో వరండాలోనే తయారు చేసుకున్నాను. పెద్ద చెట్టు, చుట్టూ తీగలున్నది. దానిమీద పెట్టగానే గబగబా ఎక్కింది. పైకొమ్మ మీద కూర్చుని తల వెనక్కి తిప్పి చూసింది. అబద్ధం చెప్పడం నాకేం కొత్త? నా బల్ల దగ్గర నిన్నటి అరటిపండుని ఇవాళ్టిదని రోజూ చెప్తూనే ఉంటాను. నోరుపెట్టుకుని బతికేదాన్ని. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో అందరూ నన్ను "కాస్త నోరు ముయ్యవే" అన్నవాళ్లే.

లోపలికి వెళ్లాను. బెబాంగ్ నా వైపు తిరిగింది.

"ఎక్కిందా వదినా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. పెద్ద చెట్టు అనబోయాను, నా వేలి చివర ఆ తన్ను మళ్లీ తెలిసింది. ఆ వేలిని పిడికిట్లో బిగించుకుని అలాగే నిలబడిపోయాను. ఏడాది పొడుగునా ఆగని నా నోరు అప్పుడు మూతపడింది, ఆ చచ్చిన నోరు.

బెబాంగ్ నన్ను కాసేపు చూసింది. గబగబా లేచి కూర్చుంది. బిడ్డ బుగ్గలు రెండు వేళ్లతో నొక్కి నోరు తెరిపించి, రొమ్ము లోపలికి కుక్కింది. "తాగు. అది పోయింది. నువ్వు తాగు" అంది.

బిడ్డ నోరు ఒక్కసారి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. గుటక పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"తాగుతోంది వదినా! చూడు, తాగుతోంది!" అని నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే బిడ్డ పెదవులు ఆగిపోయాయి, కళ్లు మూతలు పడ్డాయి. బెబాంగ్ గొంతు కీచుగా మారింది. "నిద్రపోనివ్వకు! ఆపనివ్వకు వదినా, ఆపితే మళ్లీ మొదలెట్టదు. కాళ్లు గిల్లు!"

"పసిగుడ్డే అది..."

"గిల్లు వదినా!"

గోరంత అరికాలు నా వేళ్ల మధ్య పెట్టుకుని గిల్లాను. మూలిగింది, రెండు గుటకలు వేసింది, ఆగింది. మళ్లీ గిల్లాను. నర్సమ్మ వచ్చి "అలా చెయ్యకూడదమ్మా" అంది, మా ఇద్దరి మొహాలూ చూసి పక్కన కూర్చుంది. బయట చీకటి పడుతోంది, పట్నం నుంచి బండి ఇంకా రాలేదు. బెబాంగ్ బిడ్డ నోటి మీదనుంచి చూపు తిప్పడం లేదు. నేను అరికాలు గిల్లుతూనే ఉన్నాను.